తవిటయ్య రాసిన అన్యాచారాల జాబితా

“తిమోతి గారూ!” అని నర్సు మూడోసారి పిలిచింది.

సీతమ్మధారలోని ఆ కంటి ఆస్పత్రి వరండాలో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. అందరి కళ్లలోనూ చుక్కలు వేశారు. అందరూ తలలు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. వాళ్లలో తవిటయ్య ఒకడు. మూడుసార్లు పిలిచినా పలకని ఆ తిమోతి ఎవడో గానీ చెవులు కూడా చూపించుకోవలసినవాడేనని అనుకుని, కాస్త జాలిపడి, తన వంతు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తూనే ఉన్నాడు. నర్సు ఆ చీటీని అడుగున పెట్టేసి తరవాతి పేరు పిలిచింది.

ఎదురు బెంచీ మీద అతని భార్య గౌరీశ్వరి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పొద్దున్న చీటీ రాయించేటప్పుడు “తిమోతి అని రాయమ్మా” అని అతను గట్టిగా చెప్పడం ఆమె పక్కనే నిలబడి విన్నది. అయినా పలకలేదు. మరో తొమ్మిది మంది లోపలికి వెళ్లొచ్చేదాకా చూసి, అప్పుడు లేచి వచ్చి మొగుడి భుజం తట్టింది.

“తిమోతి బావా, నిన్నే పిలిసేరు. గంటైపోనాది.”

“మరి సెప్పవేటి?”

“కొత్త పేరుకి పలుకుతావో నేదో సూద్దారనీసి ఊరుకున్నాను.”

గౌరీశ్వరి తవిటయ్యకు మేనమామ కూతురు. బావా అని పిలవడం పుట్టినప్పటినుంచీ అలవాటు, ఆటపట్టించడం కూడా అప్పటినుంచే. అరవై నాలుగేళ్ల మనిషి ఉన్నట్టుండి పేరు మార్చుకోవడం ఆమెకు మంచి కాలక్షేపంగా ఉంది. కానీ తవిటయ్యకు అది కాలక్షేపం కాదు. అతని వరకు అది విశ్వాసానికి సంబంధించిన సంగతి.

తవిటయ్య పుట్టింది శృంగవరపుకోట దగ్గర ఒక పల్లెలో. అతనికంటే ముందు పుట్టిన ఇద్దరూ పొత్తిళ్లలోనే పోయారు. మూడోవాడూ దక్కడేమోనని తల్లి భయపడి, పురుడు పోసిన ముసలమ్మకు వాడిని చేటలో పెట్టి ఇచ్చేసి, మళ్లీ గుప్పెడు తవుడు పోసి కొనుక్కుంది. తవుడు పోసి కొన్న పిల్లాడి మీద ఏ దిష్టీ పడదని ఆ పల్లెవాళ్ల నమ్మకం. అలా తవిటయ్య అయ్యాడు, బతికాడు.

ఇరవై ఏళ్లకు విశాఖపట్నం వచ్చి పోర్టులో కలాసీగా చేరాడు. తరవాత క్రేను డ్రైవరయ్యాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఓడల్లోంచి అతను దించిన బొగ్గు రైలెక్కి స్టీల్ ప్లాంటుకు వెళ్లేది. తను లేకపోతే ప్లాంటులో కొలిమి చల్లారిపోతుందని అతనికి గట్టి నమ్మకం. అతను రిటైరై నాలుగేళ్లయినా కొలిమి చల్లారలేదు గానీ, ఆ మాట అతని దగ్గర ఎవరూ ఎత్తరు.

పోర్టులో ఉండగానే ఒకసారి క్రేను మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గోపాలపట్నంలో అద్దె ఇల్లు, చంకలో పసిపిల్ల, ఇంట్లో కదల్లేని మొగుడు. గౌరీశ్వరికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎదురింట్లో ఉండే గురువమ్మ మూడు నెలలపాటు రోజూ పొద్దున్నే గిన్నెడు గంజి, దాంట్లోకి ఒక మామిడికాయ ముక్క తెచ్చి పెట్టేది. ఏ బోధా చెయ్యలేదు. లేచి నడవడం మొదలుపెట్టాక తవిటయ్యే అడిగాడు, మాకెందుకింత చేశావని. “ఆదివారం మా మందిరానికి రా, సెప్తాను” అంది గురువమ్మ. వెళ్లాడు. ఆవిడ ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు గానీ, అతను మాత్రం అక్కడే ఉండిపోయాడు.

బాప్తిస్మం సముద్రంలో ఇచ్చారు. సరిగ్గా ముంచే సమయానికి పెద్ద కెరటం వచ్చి, అప్పటి పాస్టరు గారినీ ఇతన్నీ కలిపి ఒడ్డున పడేసింది. ఎందుకైనా మంచిదని మళ్లీ ముంచారు. అందుకే తనకు రెండు బాప్తిస్మాలు అయ్యాయని తవిటయ్య గొప్పగా చెప్పుకుంటాడు. ఆ రోజే తిమోతి అని పేరు పెట్టారు. ఆ పేరు సంఘం రిజిస్టరులో క్షేమంగా ఉంది. దాన్ని ఎవరూ కదపలేదు.

ఇరవై రెండేళ్లుగా సంఘంలో అతని ముఖ్యమైన బాధ్యత క్రిస్మస్ నక్షత్రం. మందిరం డాబా మీద ఇనుప స్తంభం తనే వెల్డింగు చేయించి పాతాడు. పాత పోస్టాఫీసు దగ్గర ఉండే గులాం మొహమ్మద్ చేత నిలువెత్తు వెదురు నక్షత్రం కట్టించి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి ఎగరేసేవాడు. రైల్లోంచి కూడా కనిపిస్తుందని అతని వాదన. “నక్షత్రం తవిటయ్య గారి మందిరం” అంటే ఆటోవాళ్లు సరాసరి తెచ్చి దింపేవారు.

అలాంటి మనిషి ఈ ఏడు నవంబరులో సంఘపెద్దల కూటంలో లేచి నిలబడి, “ఈపాలి నక్షత్రం నేదు” అన్నాడు.

కారణం ఫోను. కూతురు కొనిచ్చిన కొత్త ఫోనులో ఎవరో బోధకుడు చెప్పిన ప్రసంగం ఒకటి చూశాడు. డిసెంబరు ఇరవై అయిదు ఒకప్పుడు రోమీయుల సూర్యుడి పండగట. క్రిస్మస్ చెట్టు చలిదేశాల అన్యులు, అంటే యేసును ఎరగనివాళ్లు, చెట్లను కొలిచే ఆచారమట. ఒకటి చూస్తే ఫోను మరో మూడు చూపించింది. వారం తిరిగేసరికి నలభై చూశాడు. ఇన్నేళ్లూ తన చేతులతో తనే మందిరం నెత్తిన అన్యాచారాన్ని ఎగరేశానా అని అతనికి నిజంగానే గుండె కలుక్కుమంది.

పాస్టరు ఉదయ్‌కుమార్‌కు ముప్పై అయిదేళ్లు. నెమ్మదైనవాడు. “అంకుల్, ఆ తేదీ మాట పండితుల్లోనే తేలలేదు. యేసయ్య ఏ రోజు పుట్టాడో బైబిలు వాక్యంలో లేదు, అది నిజమే. ఒక పని చెయ్యండి. తియ్యాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని రండి. కలిసి చూద్దాం” అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఆయన తరవాత చాలా రోజులు బాధపడ్డాడు.

తవిటయ్య రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాడు. మొదటి పేజీలో నక్షత్రం, చెట్టు, కేకు రాశాడు. తరవాత పుట్టినరోజు కొవ్వొత్తులు. తరవాత జనవరి ఒకటి ఆరాధన, ఎందుకంటే జనవరి అన్నది రోమీయుల గుమ్మం దేవుడి పేరట. మందిరం గుమ్మానికి కట్టే మామిడాకులు. కొత్తింట్లో పాలు పొంగించడం. గౌరీశ్వరి వంటింట్లో అరిసెల పిండి కలుపుతూ ఇదంతా వింటోంది.

“అరిసెలు రాసేవా బావా? మా అమ్మ పెద్దల పండక్కి కూడా ఇవే వండీది.”

తవిటయ్య కలం ఆగింది. అరిసెలంటే అతనికి ప్రాణం. “అది పిండివంటే. ఆచారం కాదు” అన్నాడు.

“అలాగా. మరి ఆదివారం?”

“ఆదివారానికేటైంది?”

“ఆదివారమంటే సూరీడి వారమే కదేటి? సోమవారం సెంద్రుడిది, మంగళవారం అంగారకుడిది. వారం మొత్తం ఆళ్లదే. ఏ రోజు ఆరాధన పెట్టుకుంటారు మరి?”

తవిటయ్య ఆ రోజు నుంచి ఆదివారాన్ని “మొదటి దినం” అనడం మొదలుపెట్టాడు. మొదటి దినం పెళ్లికి రమ్మని ఎవరికో చెబితే, వాళ్లు ఒకటో తారీఖున వెళ్లి తాళం వేసిన కల్యాణమండపం చూసి వచ్చారు.

నక్షత్రం వద్దని చెప్పడానికి అతను బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గరికి వెళ్లాడు. గులాం మొహమ్మద్ అరుగు మీద వెదురు బద్దలు చీలుస్తున్నాడు. నక్షత్రం చట్రం అప్పటికే కట్టేసి గోడకు ఆనించి ఉంది. తవిటయ్య చెప్పిందంతా విని అతను కత్తి పక్కన పెట్టాడు.

“తవిటయ్య భాయ్, మీ ఇంట్లోకీ వచ్చీసిందా ఫోను?”

“ఫోను కాదు, సత్యం” అన్నాడు తవిటయ్య.

“మా మనవడు సాకిబ్ కూడా ఇదే మాటన్నాడు. పీర్ల పండక్కి కాగితప్పూలు కట్టొద్దు నానా, తప్పు అన్నాడు. మా నాయన కట్టేడు, ఆళ్ల నాయన కట్టేడు. మంచిది బేటా, కట్టను అన్నాను. వినాయకుడి పందిళ్లోలు వస్తే అది అసలే తప్పన్నాడు. సరే అన్నాను. ఇప్పుడు నువ్వొచ్చి నక్షత్రం వద్దంటన్నావు. ఇక నా సేతులకి మిగిలిందేటి? గాలిపటాలు. అవి ఏ మతమో సూసి సెప్పు, కడతాను.”

ఎత్తిపొడుపేనని తవిటయ్యకు తెలుస్తూనే ఉంది, కానీ గులాం మొహంలో నవ్వు మాత్రం లేదు. గులాం భార్య ఆమినాబీ ఇచ్చిన టీ తాగి, చట్రం వైపు చూడకుండా తవిటయ్య లేచొచ్చేశాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే గౌరీశ్వరి మొహం చిట్లించింది.

“నక్షత్రం వాక్యంలోనే ఉన్నాది కదా బావా. జ్ఞానులు దాన్ని సూసే కదా బేత్లెహేము ఎల్లేరు?”

“ఆ జ్ఞానులు ఎవరనుకున్నావు? తూరుపు దేశపు జ్యోతిష్కులు. అన్యులు!”

“మరి దేవుడు ఆళ్లకి నక్షత్రం సూపించేడంటే ఏటి? ఆళ్లకి తెలిసిన బాసలోనే పిలిసేడన్నమాట. సేపలు పట్టీవోళ్లని సేపల మాట సెప్పి పిలవనేదేటి?”

“నీకు వాక్యం తెలీదు” అన్నాడు తవిటయ్య. ఆ మాట అనేసి వీధిలోకి వెళ్లిపోయాడు. అతనికి జవాబు దొరకనప్పుడల్లా వీధిలో ఏదో పని గుర్తొస్తుంది.

తరవాతి మొదటి దినం ఆరాధన అయ్యాక జాబితా చదివాడు. పదకొండు పేజీలు. నాలుగో పేజీ దాకా జనం ఓపిక పట్టారు. ఏడో పేజీలో “విగ్రహాల పేర్లు గల విశ్వాసులు” అన్న శీర్షిక వచ్చింది. మొదటి పేరు అతని భార్యదే. పక్షపాతం లేదని చూపించుకోవడానికి ముందు పెట్టాడు. గౌరీశ్వరి లేచి నిలబడి అందరికీ దండం పెట్టి కూర్చుంది. తరవాతిది గంగాలమ్మ. ఆ తరవాత పాస్టరు గారు.

“నా పేరులో ఏముంది అంకుల్?” అన్నాడు ఉదయ్‌కుమార్.

“ఉదయించీది ఎవడండి అయ్యగారూ? సూరీడే గదా?”

మందిరమంతా ఘొల్లుమంది. పాస్టరు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వుల మధ్యలో తవిటయ్య నాలుగో పేరు చదివేశాడు. అది గ్రామదేవత పేరని, మార్చుకోవాలని చదివాడు. గురువమ్మ.

గురువమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. చాప మీద గోడకానుకుని కూర్చున్న ముసలావిడ తల పైకెత్తింది. “మా యమ్మ పెట్టిన పేరు నాయనా. ఆ పేరుతోటే ఏభై ఏళ్లు పార్థన సేసేను. మరి ఇన్నేళ్లూ పై నుంచి ఇంకెవర్నో అనుకుని ఇన్నాడా ఆయన?” అంది. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆవిడ చేతికర్ర వెతుక్కుని మెల్లగా బయటికి వెళ్లింది.

“ముందు నీ పేరు మార్చుకో మావా!” అని కుర్రవాళ్లలో ఎవరో వెనక నుంచి అరిచారు. దిష్టికి భయపడి తవుడు పోసి కొన్న పేరు. అంతకంటే అన్యాచారం ఏముంటుంది? తవిటయ్య మాట పోగొట్టుకునే మనిషి కాడు. ఈ రోజునుంచి నన్ను తిమోతి అనే పిలవాలని అక్కడికక్కడే ప్రకటించాడు. ఆ తరవాత మూడో రోజునే ఆస్పత్రిలో తన పేరు తనకే తెలియకుండా పోయింది.

మరుసటి ఆదివారం గురువమ్మ మందిరానికి రాలేదు. ఆవిడ చాప ఖాళీగా ఉంది. తుఫాను వచ్చి మోకాలి లోతు నీళ్లున్న రోజు కూడా చీర ఎగ్గట్టుకుని వచ్చిన మనిషి. ఆరాధన ఎలా జరిగిందో తవిటయ్యకు తెలియలేదు. చివర్లో పాస్టరు దగ్గరికి వెళ్లి నసుగుతూ నిలబడ్డాడు.

“అయ్యగారూ, నాను సెప్పింది తప్పేటి?”

ఉదయ్‌కుమార్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “అపొల్లో అని ఒక గొప్ప బోధకుడున్నాడు గదా అంకుల్, పౌలు గారి కాలంలో. ఆ పేరు గ్రీకువాళ్ల దేవుడి పేరు మీద వచ్చిందే. పౌలు గారు మార్చుకోమన్నట్టు ఎక్కడా లేదు. మీ తిమోతి కూడా గ్రీకు పేరే. వాళ్ల నాన్న గ్రీకాయన. నేను చెప్తే మీరు నమ్మరు. పౌలు గారి ప్రయాణాలు చివరిదాకా మీరే చదవండి.”

తవిటయ్య చదవడానికి కూర్చున్నది పాస్టరు చెప్పింది తప్పని రుజువు చెయ్యడానికే. మసకబారిన కళ్లతో, భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివాడు. మూడో రోజు మధ్యాహ్నం, పౌలు ఓడ పగిలి ఒక దీవిలో చలికాలం గడిపి మళ్లీ బయలుదేరే చోటికి వచ్చాడు. ఎక్కింది ఏ ఓడో కూడా అక్కడ రాసి ఉంది. జంట దేవుళ్ల బొమ్మ ఉన్న ఓడ. తవిటయ్య భూతద్దం తుడుచుకుని మళ్లీ చదివాడు. దేవుళ్ల బొమ్మే.

పాస్టరు చెప్పిన పేర్ల కన్నా ఈ ఓడే అతన్ని పట్టేసింది. ముప్పై నాలుగేళ్లు అతను క్రేను గదిలో కూర్చుని పై నుంచి ఓడల ముక్కుల మీద పేర్లు చదివాడు. గ్రీకు దేవతల పేర్లు, సముద్ర దేవుళ్ల పేర్లు, నోరు తిరగని పేర్లు. ఏ పేరున్నా అతను దించింది బొగ్గే. ఫలానా దేవత ఓడలో వచ్చిందని స్టీల్ ప్లాంటువాళ్లు ఏనాడూ బొగ్గు వెనక్కి పంపలేదు. అపొస్తలుడు ఆ రేవులో నిలబడి, బొమ్మ చెరిపితే గానీ ఎక్కనని మొండికేశాడా? మూటా ముల్లే పట్టుకుని నిచ్చెనెక్కాడు. రోము చేరాడు. తనైతే ఆ దీవిలోనే ఉండిపోయి, ఓడల పేర్లతో పదకొండు పేజీల జాబితా రాసేవాడు. ఈ ఆలోచన వచ్చి తవిటయ్యకు తన మీద తనకే సిగ్గేసింది.

చెప్పులేసుకుని సరాసరి గురువమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తవిటయ్య మెట్టు మీద కూర్చున్నాడు. ఓడ సంగతి మొదటినుంచీ చెప్పాడు, రేవులో ఓడ ఆగే బెర్తులతో సహా.

“అంచేత తప్పు నాదే అమ్మా” అన్నాడు చివరికి.

గురువమ్మ ఒక గింజ తీసి పక్కన పడేసింది. “అంత దూరం ఓడలో ఎల్లేడు గదా పౌలు గారు, తిండి ఎవరెట్టేరో?”

“అది రాయనేదు.”

“ఎవరో గురువమ్మే ఎట్టుంటాది” అంది ఆవిడ. తరవాత అతని వైపు చూసి, “గంజి ఉన్నాది. తాగుతావా, తిమోతి?” అంది.

“ఆ పేరొగ్గేయమ్మా” అన్నాడు తవిటయ్య. రెండు గిన్నెలు తాగాడు.

మర్నాడే మళ్లీ పాత పోస్టాఫీసు దగ్గరికి వెళ్లాడు. గులాం మొహమ్మద్ అతన్ని చూసి అరుగు మీద చోటిచ్చాడు. చట్రం తీసి మధ్యలో పెట్టాడు. ఇద్దరూ కూర్చుని సాయంత్రం దాకా కాగితం అంటించారు. పక్క గదిలోంచి సాకిబ్ రెండుసార్లు తొంగిచూశాడు. మూడోసారి వచ్చి, జిగురు ఎక్కువైపోతోందని తాతను కోప్పడి, బ్రష్షు తను తీసుకున్నాడు.

తవిటయ్య అన్నీ వదిలేశాడనుకుంటే పొరపాటు. నోటుబుక్కు చింపెయ్యలేదు. చెట్టు పెట్టుకోండి గానీ దాని పక్కన నన్ను ఫొటో దిగమనొద్దన్నాడు. క్రిస్మస్ తాత విషయంలో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఆ ఎర్ర కోటు, పత్తి గడ్డం మనిషికీ రక్షకుడికీ ఏ చుట్టరికమూ లేదు, అతను మందిరంలో అడుగు పెడితే నేను బయటికి పోతానన్నాడు. ఆలోచిస్తే అది సబబుగానే ఉందని పాస్టరు ఒప్పుకున్నాడు. మందిరం లోపల తాత ఉండడు, కావాలంటే గేటు బయట పిల్లలకు చాక్లెట్లు పంచుకోవచ్చని తీర్మానించారు.

క్రిస్మస్ రోజు పొద్దున్న ఆరాధన అయ్యాక తవిటయ్య తెల్లచొక్కా సర్దుకుంటూ బయటికొచ్చాడు. గేటు దగ్గర పిల్లల గుంపు. మధ్యలో ఎర్ర కోటు. కడుపుకు దిండు కట్టుకోవలసిన అవసరం లేని, పొట్టిగా గుండ్రంగా ఉన్న తాత గంట వాయిస్తూ గంతులేస్తున్నాడు. ఆ వేషం కట్టడానికి యూత్‌లో ఎవరికీ ధైర్యం చాలలేదని తవిటయ్య విన్నాడు. అందరికీ అతనంటే భయమేనని లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. మరి ఈ మనిషి ఎవరు?

అతను మొహం పక్కకు తిప్పుకుని నడిచాడు. తాత దారికి అడ్డం వచ్చాడు. తవిటయ్య కుడికి జరిగితే కుడికి, ఎడమకు జరిగితే ఎడమకు. పిల్లలు కేరింతలు కొట్టారు. తాత సంచీలో చెయ్యి పెట్టి ఒక చాక్లెట్ తీసి చాచాడు. చేతికి గాజులున్నాయి.

“తీసుకో బావా” అంది పత్తి గడ్డం లోపలి గొంతు. “సంఘం మొత్తంలో నీకు భయపడని మనిషిని నానొక్కదాన్నే కదా, మరేటి సెయ్యమంటావు?”

తవిటయ్య చుట్టూ చూశాడు. పాస్టరు గారు ఆకాశం వైపు చూస్తున్నారు. గురువమ్మ కర్ర ఆనించుకుని నోరారా నవ్వుతోంది. అతను చాక్లెట్ తీసుకుని, కాగితం విప్పి, నోట్లో వేసుకున్నాడు.

“ఎండలో ఎంతసేపు నిలబడతావు ఆ కోటు ఏసుకుని?” అన్నాడు. “గంట ఇలా తే, కొంతసేపు నాను వాయిస్తాను.”